ట్వీటర్ మీద గుడ్డ

ఎయిటింక్లయిన్ కాలనీలో జ్ఞానయ్య ఇల్లెక్కడ అని అడిగితే క్వార్టర్ నంబరు ఎవరూ చెప్పరు, పాటలాయన ఇల్లని చూపిస్తారు. బొగ్గు కంపెనీ క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముందుగది, వెనకగది, వంటిల్లు, పెరట్లో ఒక జామచెట్టు. జ్ఞానయ్య ఇంట్లో ముందుగది మాత్రం మనుషుల కోసం కాదు. ఒక గోడ వారగా నడుమెత్తు స్పీకర్ డబ్బాలు రెండు, వాటి మధ్య చెక్క అల్మారాలో యాంప్లిఫయర్, క్యాసెట్ డెక్కు, సీడీ ప్లేయర్, అన్నిటికీ పైన రికార్డు ప్లేయర్. చుట్టాలొస్తే వంటింట్లో కూర్చుంటారు. పెళ్లయిన కొత్తలో భార్య సారవ్వ "ఈ ఇంట్ల నేనెక్కడ కూసోవాలె?" అని అడిగిందట. రెండు డబ్బాలకూ సరిగ్గా ఎదురుగా, నడుమ కూర్చోమన్నాడట. అక్కడైతేనే పాట బాగా వినబడుతుందని. ఆమె దాన్ని ప్రేమ అనుకుంది. కొంతవరకు అది నిజమే.

ఈ పిచ్చి ఆయనకు వారసత్వంగా వచ్చింది కాదు. తండ్రి కమాన్‌పూర్ పక్క ఊరి నుంచి గనిలో బొగ్గు నింపే పనికి వచ్చి, ఆ బాయి, చర్చి, ఇల్లు తప్ప నాలుగోది ఎరగకుండా పోయాడు. జ్ఞానయ్య కూడా అదే బాయిలో చేరి, మొదటి జీతంతో ఒక టూ-ఇన్-వన్ కొనుక్కున్నాడు. ఆ వానాకాలమే క్వార్టర్ కారి, కప్పు పెచ్చు ఊడిపడి దాని ప్లాస్టిక్ పెట్టె పగిలిపోయింది. లోపలి స్పీకర్ ఒక్కటి మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఖాళీ నీళ్లకుండ మూతి మీద బోర్లించి వైర్లు కలిపాడు. అప్పటిదాకా డబ్బాలోంచి గీపెట్టినట్టున్న గొంతు ఒక్కసారిగా నిండుగా, ఛాతీలోంచి వచ్చినట్టు వినిపించింది. పాడేవాడు ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడేమో అనిపించిందని జ్ఞానయ్య ఇప్పటికీ చెబుతాడు. అంతే, మనిషి మళ్లీ మామూలు కాలేదు.

తోటివాళ్లు బండ్లు కొన్నారు, పెద్దపల్లి రోడ్డులో ప్లాట్లు కొన్నారు. జ్ఞానయ్య ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాడు. లక్ష్మీనగర్‌లో రేడియో మెకానిక్ పక్కన సెలవు రోజులన్నీ కూర్చుని సోల్డరింగు నేర్చుకున్నాడు, ఒక్కో ముక్కా కూర్చి యాంప్లిఫయర్ చేశాడు. స్పీకర్ డబ్బాలకు మంచి టేకు కావాలని, అత్తగారు పెళ్లికి పెట్టిన బీరువా తలుపులు విప్పేశాడు. సారవ్వ చర్చి నుంచి వచ్చేసరికి పని అయిపోయింది. ఈ రోజుకూ ఆ బీరువాకు తలుపుల్లేవు, పాత చీర పరదాగా వేలాడుతుంది. ఆ సంగతి ఎత్తకుండా ఆమె ఏ గొడవనూ ముగించదు.

పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే కాలనీ మొత్తం ఒకసారి ఊగుతుంది. గిన్నెలు కదులుతాయి, గోడల సున్నం రాలుతుంది. మిగతా ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. జ్ఞానయ్య మాత్రం ఆ వేళకు రికార్డు మీద సూది ఎత్తి పట్టుకుని నిలబడేవాడు, భూమి సద్దుమణిగాక మళ్లీ మెల్లగా దించేవాడు. "పసిపిల్లను గిట్ల ఎత్తుకోలే ఎన్నడు," అనేది సారవ్వ. అది అన్యాయం. కూతురు డెబోరాను ఆయన బాగానే ఎత్తుకున్నాడు, కాకపోతే రెండు డబ్బాలకూ నడుమ కూర్చుని ఎత్తుకున్నాడు.

బాయిలో ఆయనది కప్పు పని. బొగ్గు తీసిన చోట పైనున్న రాయి కూలకుండా బోల్టులు దిగ్గొట్టడం. బొగ్గు తీసిన కొత్త చోట కాలు పెట్టే ముందు, ఇనప రాడ్డుతో కప్పును కొట్టి విని చూడడం అక్కడి రివాజు. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా పలికితే పైపొర విడిపోయిందని అర్థం, ఎవరూ లోపలికి పోరు. కూలేముందు కప్పు చిటపటలాడుతుంది, దాన్నే రూఫ్ మాట్లాడుతుందంటారు. ఆ మాట వినగానే ఉన్నవాడు ఉన్నట్టు ఉరకాలి. పాటల చెవి కదా, రాడ్డు జ్ఞానయ్య చేతికే ఇచ్చేవాళ్లు. ఆయన కొట్టి, తల పక్కకు వంచి విని, "పోవచ్చు" అంటే గ్యాంగు మొత్తం వెనకాముందు చూడకుండా పోయేది. ఆయనకు అదొక గర్వం. ఆ గర్వంలో తప్పేమీ లేదు, నిజంగానే విన్నంత కాలం.

నెత్తి మీద డ్రిల్లింగ్ మిషన్ పెట్టుకుని ఏళ్ల తరబడి రాయిని తొలిచినవాడి చెవులకు ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. కానీ అది ఒక్కరోజులో కాదు. ఒకనాడు పాటలో తాళాల చప్పుడు మెత్తబడినట్టు తోచింది. ట్రెబుల్ నాబు కొంచెం తిప్పాడు, సరిపోయింది. కొన్నాళ్లకు ఇంకొంచెం. నాబు చివరిదాకా వచ్చాక, సన్నటి చప్పుళ్లను పలికించే చిన్న స్పీకర్లు ట్వీటర్లున్నాయి కదా, అవి ఖరాబయ్యాయన్నాడు. మార్చాడు. కొత్త మోజు కొద్దీ రెండు రోజులు బాగున్నాయనిపించింది, ఆ తర్వాత వాటినీ తిట్టాడు. డూప్లికేట్ మాలన్నాడు, వోల్టేజీ అన్నాడు, వైర్లు మార్చాడు. ఆఖరికి పాటలు తీసేవాళ్ల మీద పడ్డాడు, ఇప్పటి పాటలకు పదును లేదని. పాత రికార్డు పెట్టినా పదును లేదు. అప్పుడు సూది అరిగిందన్నాడు. లోకంలో అన్నీ అరిగిపోతాయి గానీ ఆయన చెవులు మాత్రం అరగవు!

ఇంట్లో వాళ్ల బాధ ఎవరికి చెప్పుకోవాలి? ఆ డబ్బాల్లోంచి వచ్చే చప్పుడు పళ్ల మీద ఆకురాయి రుద్దినట్టుండేది. పక్క క్వార్టర్ ఐలవ్వ గోడ మీంచి తొంగి చూసి, "సారక్కా, మీ ఇంట్ల ఇనుము గిట్ల కోస్తున్నరా ఏంది?" అని అడిగింది. సారవ్వ ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది, సౌండు చెవుల్లో గుచ్చుకుంటుందని. "నీకు వినుడు రాదు," అన్నాడు జ్ఞానయ్య. ఇంక ఆమె చెప్పలేదు. ఆయన డ్యూటీకి పోయిన ఒక పొద్దున తల్లీకూతుళ్లిద్దరూ డబ్బాల ముందు జాలీలు ఊడదీసి, పాత లుంగీ చింపి, గుడ్డను నాలుగు మడతలు వేసి రెండు ట్వీటర్లకూ టేపుతో అంటించేశారు.

జ్ఞానయ్య వచ్చి, స్నానం చేసి, తిని, పాట పెట్టాడు. ఇద్దరూ వంటింట్లోంచి తొంగి చూస్తున్నారు. ఆయన తల ఊపుతూ పాటంతా విన్నాడు. డెబోరాకు నవ్వు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకుని సారవ్వా నవ్వింది. అలా నవ్వుతూ నవ్వుతూ ఇద్దరికీ ఒకేసారి అర్థమై ఆగిపోయారు. సూది మొన మీద దుమ్ము పడ్డా పసిగట్టే మనిషి, నాలుగు మడతల గుడ్డ అడ్డం పెడితే గుర్తుపట్టలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాటల గురించి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

ఇక బాయిలో జరిగింది. పోయిన ఆగస్టులో మొదటి షిఫ్టులో జ్ఞానయ్య బోల్టుల వరుస చూసుకుంటూ నిలబడి ఉండగా కప్పు మాట్లాడింది. గ్యాంగు మొత్తం బయటికి ఉరికింది. ఆయనతో చాలా ఏళ్లుగా కలిసి పనిచేస్తున్న ఆగయ్య వెనక్కి చూస్తే, జ్ఞానయ్య అక్కడే రాడ్డు పట్టుకుని తాపీగా నిల్చుని ఉన్నాడు. ఆగయ్య మళ్లీ లోపలికి ఉరికి, నడుం బెల్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. వాళ్లిద్దరూ ఇవతల పడ్డారో లేదో, మంచమంత రాయి ఆయన నిలబడ్డ చోటే కూలింది.

"ఏందన్నా, వినవడలేదా?" అన్నాడు ఆగయ్య, రొప్పుతూ.

"వినవడ్డది. ఎటు దిక్కు పడ్తదో చూస్తున్న," అన్నాడు జ్ఞానయ్య.

అందరూ నమ్మారు. నమ్మడమే కాదు, జ్ఞానన్నకు గుండె ధైర్యం ఎక్కువని క్యాంటీన్‌లో వారం రోజులు చెప్పుకున్నారు. ఆయన కూడా ఏదో పరధ్యానంలో ఉన్నానని తనకు తాను చెప్పుకుని ఊరుకున్నాడు.

ఆ నెలాఖరుకు కొత్త ట్వీటర్లు వచ్చాయి. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, సారవ్వ మార్కెట్‌కు పోయి ఉండగా, జ్ఞానయ్య వాటిని బిగించడానికి ముందుగదిలో కూర్చుని జాలీ ఊడదీశాడు. లుంగీ గుడ్డ కనబడింది. అంచు చూసి గుర్తుపట్టాడు. కోపంతో టేపు పీకేశాడు, రెండో డబ్బాదీ పీకేశాడు. ఇంతకాలం సౌండు ఎందుకు చచ్చిపోయిందో ఇప్పుడు తెలిసిందని, దొంగ దొరికినంత సంబరంగా పాట పెట్టాడు.

పాట ముందు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆపి, గుడ్డ మళ్లీ అడ్డం పెట్టి విన్నాడు. తీసి విన్నాడు. పెట్టి విన్నాడు. ఏ తేడా లేదు. వైరు ఊడిందేమోనని తల తిప్పేసరికి వంటింటి గుమ్మంలో డెబోరా నిల్చుని ఉంది, రెండు చెవులూ మూసుకుని, ముఖం చిట్లించి. జ్ఞానయ్య ఆమెనే చూస్తూ గుడ్డ అడ్డం పెట్టాడు. ఆమె చేతులు కిందికి దించింది. గుడ్డ తీశాడు. ఆమె చేతులు మళ్లీ చెవుల మీదికి పోయాయి. ఆయన ఆ పని ఇంకొకసారి చేశాడు, ఈసారి పాట వినడం మానేసి బిడ్డ చేతులను మాత్రమే చూశాడు. తర్వాత యాంప్లిఫయర్ బంద్ చేశాడు.

జ్ఞానయ్యకు భయం వేసింది. పాట పోయిందన్న దుఃఖం తర్వాత సంగతి, ముందు భయమే వేసింది. ఆ రోజు తను పరధ్యానంలో లేడు. కప్పు మాట్లాడింది, తనకు వినబడలేదు. ఆ చెవులతోనే తను రోజూ రాడ్డుతో కొట్టి పోవచ్చని చెబుతున్నాడు, మనుషులు తన మాట పట్టుకుని రాతికప్పు కిందికి పోతున్నారు.

మార్కెట్ నుంచి వచ్చిన సారవ్వకు నేల మీద లుంగీ ముక్కలు చూడగానే విషయం తెలిసిపోయింది. సంచి కింద పెట్టి ఆయన పక్కనే కూర్చుంది.

"నీకెప్పటి సంది ఎరుక?" అని అడిగాడు జ్ఞానయ్య.

"గుడ్డ కట్టిన నాడే ఎరుక."

"మరి చెప్పకపోతివి."

"ఎట్ల చెప్పాలె? కాళ్లో కండ్లో అయితే అనకపోదునా. నీతోని చెవులు పోయినయని ఏ నోటితో అనాలె?"

ఆయన ముఖం తిప్పుకున్నాడు. సారవ్వ ఏడ్చింది, ఆయన ఏడవలేదు. ఏడవకపోవడం గొప్ప అని కాదు, ఆయనకు ఇంకా సగమే నమ్మకం కుదిరింది.

నిజం చెప్పేసి కప్పు పని నుంచి తప్పుకుంటే పోయేది కదా అనవచ్చు. ఈ బొగ్గు బెల్టు సంగతి తెలిసినవాళ్లు అలా అనరు. ఇక్కడ సర్వీసు మిగిలి ఉండగా కార్మికుణ్ణి డాక్టర్లు అన్‌ఫిట్ అని తేలిస్తే ఆ ఉద్యోగం బిడ్డలకు వచ్చే దారి ఉంది. అందుకని చాయ్ హోటళ్లలో మోకాళ్ల నొప్పుల గురించి, నడుం నొప్పుల గురించి నడిచినంత చర్చ దవాఖానలో కూడా నడవదు. డెబోరా డిగ్రీ అయి ఇంట్లోనే ఉంది. ఇప్పుడు పోయి చెవులు వినబడడం లేదంటే ఊరు ఏమనుకుంటుంది? చెవిటివాడనైనా అంటుందా? పాటలాయన బిడ్డ నౌకరీ కోసం డ్రామా మొదలుపెట్టాడంటుంది. బతుకంతా చెవుల మీద కట్టుకున్న పేరు, ఆఖరికి అబద్ధాలకోరన్న పేరుగా మారుతుంది.

అయినా మర్నాడు పొద్దున బాయి ముందు హోటల్లో చాయ్ తాగుతూ ఆగయ్యతో అనేశాడు. "ఆగయ్యా, నాకు చెవులు వినవడ్తలేవు."

ఆగయ్య ఇటూ అటూ చూసి, దగ్గరికి జరిగి, ఏదో గుసగుసగా అన్నాడు. జ్ఞానయ్యకు అందులో ఒక్క ముక్కా వినబడలేదు. కన్ను కొట్టడం మాత్రం కనబడింది.

"ఏమన్నవు?"

"మంచిగ పట్టినవన్నా అంటున్న! చెవుడైతే ఎక్స్‌రేల దొరకది," అన్నాడు ఆగయ్య, నవ్వు ఆపుకుంటూ. "కని నీకు వినవడదంటే ఎవలు నమ్ముతరే? వేరేదేదన్న చూస్కో. మోకాళ్లైతే మంచిగుంటయి."

ఆ షిఫ్టులో కొత్త చోటు ముందు గ్యాంగు ఆగినప్పుడు జ్ఞానయ్య రాడ్డు ఆగయ్య చేతికిచ్చాడు. "నువ్వు కొట్టు. నాకు తెలుస్తలేదు." ఆగయ్య గట్టిగా నవ్వి, "అరే, ఇప్పటి సందే షురూ చేసినవా?" అన్నాడు. మిగతావాళ్లూ నవ్వారు. జ్ఞానన్న పరాచికాలాడుతున్నాడంటే కప్పు భద్రంగా ఉన్నట్టే అనుకుని, రాడ్డు ఎత్తకుండానే లోపలికి నడిచారు. ఆగమని ఆయన అరుస్తూనే ఉన్నాడు. కప్పు కూలలేదు. కానీ వాళ్లు బయటికి వచ్చేదాకా జ్ఞానయ్య కప్పు మీది నుంచి చూపు తిప్పలేదు. తన మాట మీద నమ్మకం ఎంత గట్టిగా ఉందో, అది ఎంత ప్రమాదమో ఆ పూట తెలిసింది. నోటితో చెబితే ఎవరూ నమ్మరు, మిషన్ చెప్పాలి. పైకి రాగానే షిఫ్టు చూసే ఓవర్‌మన్‌తో మాట్లాడి, తెల్లారి చెవుల పరీక్షకు పోతానన్నాడు.

డెబోరా తోడు వచ్చింది. కంపెనీ దవాఖానలో చెవుల పరీక్షకు ఒక చిన్న అద్దాల గది ఉంది. లోపల కుర్చీ, హెడ్‌ఫోన్లు, చేతికి ఒక బటన్. బయట అద్దానికి ఆవల ఒక అమ్మాయి కూర్చుని మిషన్ తిప్పుతుంది. చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. జ్ఞానయ్య హెడ్‌ఫోన్లు అందుకుని, దిండ్లు నొక్కి చూసి, మంచి మాలే అనుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

కుర్చీలో కూర్చున్నాక పోయినసారి పరీక్ష గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఇదే గది. చప్పుడు పంపేటప్పుడు ఆ అమ్మాయి భుజం కొంచెం కదిలేది. ఆ కదలిక కనబడినప్పుడల్లా ఆయన బటన్ నొక్కాడు, వినబడిందనే అనుకున్నాడు. అన్నీ సరిగ్గా వచ్చాయి. మోసం చేస్తున్నానని ఆయనకు తోచనే లేదు, చెవులు అంత ఖచ్చితంగా ఉన్నందుకు ఇంటికి పోయి సారవ్వ ముందు గొప్ప కూడా చెప్పుకున్నాడు.

జ్ఞానయ్య లేచి కుర్చీని తిప్పి, అద్దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

మొదట బొంగురు చప్పుళ్లు వచ్చాయి. నొక్కాడు. ఇంకొంచెం సన్నటివి వచ్చాయి, నొక్కాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఎదురుగా తెల్లటి గోడ. వెనక ఆ అమ్మాయి చెయ్యి కదులుతూనే ఉంటుందని తెలుసు. పాటలో తాళాలుండే చోటు, గజ్జెలుండే చోటు, వయొలిన్ చివరి తీగ మీద పలికే చోటు ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయని కూడా తెలుసు. ఒక్కసారి తల తిప్పితే చాలు. బొటనవేలు బటన్ మీదే ఉంది. ఆయన తల తిప్పలేదు, నొక్కలేదు. మొన్న ఇంట్లో రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ అమ్మాయి తలుపు తీసి, కాగితం మీద గీత చూపించింది. బాయిలోకి దిగే ఇంక్లయిన్ దారి లాగా అది సగం నుంచి నేరుగా కిందికి దిగిపోయింది. ఆమె ఆయన ముఖం వైపు అనుమానంగా చూసింది.

"కాకా, ఇంకొకసారి చేద్దాం. పోయినసారి నీ చెవులు ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నట్టుంది. కొందరు వినవడ్డా కావాలని నొక్కరు."

"నేను వినవడకున్నా నొక్కినోన్ని బిడ్డా, పోయినసారి," అన్నాడు జ్ఞానయ్య. "మళ్ల చెయ్యి. ఎన్నిసార్లన్న చెయ్యి."

మళ్లీ చేసింది. గీత మళ్లీ అదే దారిలో దిగింది. డాక్టరు అది చూసి, ఆ రోజు నుంచే బాయిలోకి దిగవద్దని, పైపని ఇవ్వమని రాశాడు. మెడికల్ బోర్డు ముందుకు ఎప్పుడు పోవాలో తర్వాత చెబుతామన్నాడు. అక్కడ ఏం తేలుతుందో, బిడ్డకు నౌకరీ వస్తుందో రాదో, అదంతా ఇంకా ముందుంది. ఊరు ఏమనాలో అది ఎలాగూ అంటుంది. రాడ్డు మాత్రం ఇక ఆయన చేతికి రాదు.

వరండాలో బెంచీ మీద డెబోరా కూర్చుని ఉంది. తండ్రి రాగానే లేచి ఏదో అడిగింది. ఎప్పటిలాగే మెల్లగా అడిగింది. ఆయన ఎప్పటిలాగే తల ఊపబోయాడు. ఊపితే ఆమె ఇంకేమీ అడగదు, ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో మాటలు అలాగే ముగుస్తున్నాయి. సగంలో ఆగిపోయాడు.

"గట్టిగ చెప్పు బిడ్డా," అన్నాడు. "నాకు వినవడ్తలేదు."

డెబోరా ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత ఊపిరి తీసుకుని, వరండాలో చీటీల కోసం నిల్చున్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా అడిగింది.

"ఆకలైతున్నదా బాపూ?"

"అయితున్నది," అన్నాడు జ్ఞానయ్య, అంతే గట్టిగా.